సవతి గొంతు

తొమ్మిదో భాగం

"ఇది బతికుందా, చచ్చిందా? ఆ ఒక్క ముక్క చెప్పు, చాలు," అన్నాడు సగిన్‌బెక్.

"బతికే ఉంది నాన్నా. తెర మీద అన్నీ చక్కగా కనిపిస్తున్నాయి," అంది ఐకనిష్.

"ఎవరికి?"

ఐకనిష్ మౌస్ మీదినుంచి చెయ్యి తీసేసింది. కిటికీ పక్కన బడిపిల్ల గౌను కుడుతున్న బురుల్ కూడా మిషన్ ఆపేసింది.

సగిన్‌బెక్ చేతులు రెండూ కీబోర్డు మీదే ఉన్నాయి. పుట్టుకతోనే చూపు లేని మనిషి. ఆ బటన్ల మధ్య అతని వేళ్ళకి తెలియని సందు లేదు. నిన్నటి దాకా ఏ బటన్ నొక్కినా పెట్టెలోంచి ఒక ఆడగొంతు పలికేది. తెర మీద ఏముందో, తను ఏం టైపు చేశాడో, ఉత్తరం ఎవరు రాశారో అన్నీ ఆ గొంతే చదివి పెట్టేది. నిన్న కూతురు కూర్చుని ఆ పెట్టెలోంచి విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించింది. గొంతు కూడా దాంతోపాటే పోయింది.

"నొక్కుతున్నాను. ఇదుగో, మళ్ళీ నొక్కుతున్నాను. గోడకి చెప్పుకున్నట్టుంది," అన్నాడు సగిన్‌బెక్.

"ఆ బటన్లు కావు నాన్నా. దీంట్లో వేరే."

"బటన్లు అవే కదా?"

"బటన్లు అవే. అవి చేసే పని వేరు."

"అంటే ఇల్లు అదే. తలుపులుండే చోట గోడలు లేచాయి, గోడలుండే చోట తలుపులొచ్చాయి. అంతేనా?"

ఐకనిష్ తల వంచుకుంది. పాలిటెక్నిక్‌లో రెండో ఏడు చదువుతోంది ఆ పిల్ల. తరగతి గదిలో ఇదే లినక్స్‌ని పదిమంది ముందు గలగలా మాట్లాడించింది. ఇంట్లో మాత్రం దాని నోరు పెగలడం లేదు.

సగిన్‌బెక్ జేబులోంచి బటన్ల ఫోను తీసి ఒరోజ్‌కి కలిపాడు. ఒరోజ్‌కీ చూపు లేదు. అంధుల సంఘంలో కంప్యూటర్ మొరాయిస్తే అందరూ అతన్నే పిలుస్తారు. వేళ్ళు జారే అద్దం ఫోను వీళ్ళిద్దరికీ గిట్టదు. అద్దానికి ఎత్తుపల్లాలు లేవు, ఎక్కడ నొక్కామో ఎలా తెలుస్తుంది అంటారు.

"కింది వరసలో ఎడమనుంచి రెండోది, దాంతోపాటు ఎంటర్. ఏమంది?" అన్నాడు ఒరోజ్ ఫోనులోంచి.

"ఏమీ అనలేదు."

"ఎడమనుంచి మొదటిదీ మూడోదీ కలిపి నొక్కు, పైన చివరిది కూడా."

"నొక్కాను."

"ఏమంది?"

"ఏమీ అనలేదంటుంటే!"

"అయితే నీ పెట్టె పోయినట్టే తమ్ముడూ," అన్నాడు ఒరోజ్ దిగులుగా. "మనవాళ్ళలో ఇంతవరకు ఎవరూ ఆ లినక్స్ జోలికి పోలేదు. నువ్వెందుకు పోయావ్?"

"నేను పోలేదు. నన్ను తీసుకుపోయారు," అని సగిన్‌బెక్ ఫోను కట్టేశాడు.

ఐకనిష్ తెర వెనక్కి తల దూర్చి తీగలు చూసింది. మళ్ళీ ముందుకొచ్చి ఏవేవో నొక్కింది. కాసేపటికి చిన్న కేక వేసింది.

"దొరికింది! నాన్నా, తెరకి పోయే తీగ ఉంది చూడండి, శబ్దం కూడా నేనే మోస్తానని అది చెప్పుకుంటోంది. పెట్టె దాని మాట నమ్మి గొంతంతా అటు పంపిస్తోంది. తెరకేమో స్పీకరే లేదు."

"అంటే నిన్నటినుంచీ ఇది మాట్లాడుతూనే ఉందా?"

"మాట్లాడుతూనే ఉంది."

"ఎవరికీ వినపడకుండా?"

"అవును."

"పాపం," అంది బురుల్ సూదికి దారం ఎక్కిస్తూ. "ఈ ఇంట్లో నాకో తోడు దొరికింది."

ఎవరూ నవ్వలేదు. ఐకనిష్ బాణం గుర్తుని ఒకచోటినుంచి ఇంకోచోటికి జరిపింది. బల్ల మీది స్పీకర్లు గరగరమన్నాయి. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు ఒక గొంతు లేచి రష్యన్‌లో ఏదో గొణిగింది.

సగిన్‌బెక్ కుర్చీ వెనక్కి జరిపాడు. "ఎవడు వీడు?"

"ఇది ఇప్పటికి మాత్రమే. మంచిది తర్వాత వెతికి పెడతాను. ముందు ఈ అమరిక నిలబడుతుందో లేదో చూడనివ్వండి." ఆ పిల్ల పెట్టె ఆపి మళ్ళీ వెలిగించింది. ముగ్గురూ చెవులు రిక్కించారు. పెట్టెలో పంకా తిరిగిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"మళ్ళీ మరిచిపోయింది," అంది ఐకనిష్ నీరసంగా.

"నాకు ఆ గులకరాళ్ళ డబ్బా వద్దు," అన్నాడు సగిన్‌బెక్. "నాకు ఆవిడే కావాలి."

ఆవిడే కావాలి. బురుల్ చేతిలో సూది వేలికి దిగింది. ఆమె వేలు నోట్లో పెట్టుకుంది.

ఆ ఆడగొంతుకి బురుల్ పెట్టిన పేరు సవతి. చుట్టాల ముందు కూడా అలాగే అనేది. "మా సవతి ఇప్పుడు ఆయనకి వార్తలు చదివిపెడుతోంది, మీరు నాతో టీ తాగండి," అనేది. అందరూ పడిపడి నవ్వేవారు. సగిన్‌బెక్ కూడా నవ్వేవాడు. ఆ గొంతు ఎంత వేగంగా చదివేదంటే, మరుగుతున్న నూనెలో బోర్సోక్ పిండి ముద్దలు చిటపటలాడినట్టు ఉండేది తప్ప, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అతనికి మాత్రం అన్నీ అర్థమయ్యేవి. వాళ్ళిద్దరి మధ్య మూడో మనిషికి తెలియని భాష అది.

"ఆవిడ విండోస్‌లో తప్ప బతకదు నాన్నా. ఇందులోకి రాదు. కాలేజీలో అడిగి చూశాను," అంది ఐకనిష్.

"అయితే విండోస్ పెట్టు."

"పాతదానికి ఇక రక్షణ లేదు. వారం వారం తెర నిండా ఆ హెచ్చరికే కదా వచ్చేది? అది వచ్చినప్పుడల్లా గొంతు తడబడిపోయేది, మీరు విసుక్కునేవారు. కొత్తదేమో ఈ పెట్టె మీద ఎక్కనే ఎక్కదు."

"నాకు చెప్పకుండా ఎందుకు తీశావ్?"

"చెప్పాను! మీరు సరేనన్నారు!"

"సరేనన్నాను. నోరు పడిపోతుందని చెప్పావా?"

"పడిపోతుందని నాకేం తెలుసు?"

"తెలియనిదాంట్లో చెయ్యెందుకు పెట్టావ్? శనివారం నా పరీక్ష. పుస్తకమంతా దీని కడుపులో ఉంది. ఎవరు చదివి చెప్తారు నాకు? నువ్వు కాలేజీకి పోతావ్. మీ అమ్మ కుట్టుకి కూర్చుంటుంది. నేను శనివారం వెళ్ళి వాళ్ళ ముందు ఏం చెప్పాలి? మా అమ్మాయి నా పెట్టె బాగుచేసింది, అందుకని భుజం కండరాల పేర్లు మరిచిపోయానని చెప్పాలా?"

ఐకనిష్ లేచి బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

సగిన్‌బెక్ పాలిక్లినిక్‌లో మర్దన చేస్తాడు. పక్కటెముక కింద పట్టేసిన నరాన్ని బొటనవేలితో వెతికి వదిలించే పనితనం అతనిది. ఈసారి పై అర్హత పరీక్ష నెగ్గకపోతే ఆ గది, ఆ బల్ల ఇంకొకరికి పోతాయి. ఇంకొకరంటే కళ్ళున్న ఒక కుర్రవాడు, కొత్తగా చేరినవాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనరు.

బురుల్ మొగుడి వైపు చూసింది. బాల్కనీ తలుపు వైపు చూసింది. మధ్యలో మిషన్ దగ్గర కూర్చున్న తను ఎటు లేవాలో ఆమెకి తోచలేదు. కాసేపటికి బాల్కనీ వైపే లేచింది.

"ఎందుకే ఇలా చేశావ్?" అంది మెల్లగా.

"అమ్మా, నువ్వు కూడానా? ఆ పాత రష్యన్ ఆడగొంతు మన మాటలు ఎలా చదివేదో ఎప్పుడైనా విన్నావా? మన అక్షరాలు మూడింటికి దానికి నోరే తిరగదు. నాన్న పేరే తప్పు పలికేది. దీంట్లో మన కిర్గిజ్ గొంతు పెట్టుకోవచ్చు. అచ్చంగా మన ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉంటుంది. నాన్నకి అది ఇద్దామనుకున్నాను. అంతే." ఐకనిష్ ముక్కు తుడుచుకుంది. "నాన్న దాన్ని విననే లేదు. వినకముందే వద్దంటున్నారు."

"అది వచ్చేదాకా ఆయన ఏం చెయ్యాలి?"

ఆ పిల్ల తల్లి వంక చూసింది. "నీకు కళ్ళున్నాయి కదమ్మా."

ఆ మాట తిట్టో, సలహానో బురుల్‌కి అర్థం కాలేదు.

*

సాయంత్రం లగ్మన్ తిన్న గిన్నెలు కడిగి బురుల్ వచ్చేసరికి సగిన్‌బెక్ ఇంకా ఆ నోరులేని పెట్టె ముందే కూర్చుని ఉన్నాడు. అతని గిన్నె తినకుండా వదిలిన నూడుల్స్‌తో అలాగే ఉంది.

"లేవండి," అంది బురుల్.

"ఎందుకు?"

"నేను కూర్చోవాలి. నిలబడి చదవలేను, నడుము పోతుంది."

అతను లేచాడు. ఆ కుర్చీలో బురుల్ కూర్చోవడం అదే మొదలు. సీటు అతని ఒంటికి తగ్గట్టు గుంటపడి ఉంది. ఐకనిష్ పుస్తకం తెరిచి, కిందికి దిగే బటన్ చూపించి, తండ్రితో ఒక్క మాటా మాట్లాడకుండా తన గదిలోకి పోయింది.

బురుల్ గొంతు సవరించుకుంది.

"భుజం. భుజం ఎముక పైభాగాన ఉండే కండరం, మూడు... మూడు మూలలు గల కండరం. దాని పేరు డెల్... డెల్తా..."

"డెల్టాయిడ్."

"నాకు తెలుసు. చదవనివ్వండి. దాని కింద సుప్రా... సుప్రస్పి... అమ్మో, ఇది తిట్టా, పేరా?"

సగిన్‌బెక్ నవ్వాడు. పొద్దుటినుంచీ మొదటిసారి నవ్వాడు. "నెమ్మదిగా. ముక్క ముక్క కింద విడదీసి చదువు."

ఆమె ముక్క ముక్కగా చదివింది. ఒక వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేది. వెనక్కి వెళ్ళబోయి వేరే బటన్ నొక్కితే పుస్తకం చివరికి పోయింది. కంగారులో ఇంకోటి నొక్కితే అక్షరాలన్నీ చీమలంత చిన్నవైపోయాయి. ఐకనిష్‌ని పిలవాల్సొచ్చింది. ఆ పిల్ల వచ్చి సరిచేసి మళ్ళీ నోరు విప్పకుండానే పోయింది.

"ఎక్కడున్నాం?" అంది బురుల్.

"ఇక్కడ," అని సగిన్‌బెక్ ఆమె వెనక నిలబడి ఆమె కుడి భుజం మీద బొటనవేలు ఆనించాడు. "నువ్వు ఇందాక తిట్టన్నావే, అది ఇదే. చెయ్యి పైకెత్తు. ఆఁ, కదిలింది చూడు. నీకు ఇది రాయిలా ఉంది."

"రోజంతా మిషన్ దగ్గర వంగి కూర్చుంటే పువ్వులా ఉంటుందా?"

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడు అడిగారు? చెవులకి ఆ రెండు డిప్పలూ తగిలించుకుంటే మీకు ఉరుము ఉరిమినా వినపడదు."

అతని బొటనవేలు మెల్లగా ఒత్తుతూ కిందికి దిగింది. ఆమె చదవడం ఆపింది.

"చదువు," అన్నాడు.

చదివింది. ఈసారి అంత తడబడలేదు.

పెళ్ళైన కొత్తలో ఇలాగే చదివేది. పాత పేపర్లు, మందుల డబ్బాల మీది కాగితాలు, గోడ కాలెండర్ మీది సూక్తులు, ఏవైనా సరే. అతను మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని వినేవాడు. మధ్యమధ్య ఆపి, ఆ మాట మళ్ళీ అను, అనేవాడు. ఆ తర్వాత ఆ పెట్టె వచ్చింది, పెట్టెలో ఆవిడ వచ్చింది. బురుల్‌ని ఎవరూ మానమనలేదు. ఎవరూ చదవమని అడగలేదు కూడా.

"నీ గొంతు మారింది," అన్నాడు సగిన్‌బెక్ కాసేపటికి.

"ముసలిదాన్ని అయిపోయాను."

"అది కాదు. ముందు ఎప్పుడూ తొందరగా చదివేసి పోదామన్నట్టు ఉండేది."

ఆ రాత్రి పడుకోబోయే ముందు అతనే అడిగాడు. "రేపు మిగతాది చదువుతావా?"

"చూస్తాను," అంది. గౌను తొందరగా కుట్టాలని, తీరిక లేదని ఏదో అనబోయింది. అనలేదు.

*

మర్నాడు సగిన్‌బెక్ మొదటి బస్సుకే పాలిక్లినిక్‌కి వెళ్ళిపోయాడు. ఐకనిష్ మాత్రం కోటు తొడుక్కుని కూడా పెట్టె ముందు నుంచి లేవలేదు.

"అమ్మా, ఇప్పుడు కచ్చితంగా కుదిరింది. స్పీకర్లని వదిలిపెట్టి ఎటూ పోకుండా కట్టేశాను. కిర్గిజ్ గొంతు దిగుతోంది. అది దిగేదాకా ఆపకు. అయిపోతే అదే చెప్తుంది."

"ఎలా చెప్తుంది?"

"నోటితోనే! నిన్నటి పుస్తకం తెరిచి ఉంచాను. గొంతు రాగానే ఎంటర్ నొక్కి చూడు. పలికితే నాన్న రాగానే కూర్చోబెట్టు. నేను వచ్చేదాకా ఆగొద్దు. సరేనా?"

"సరే పోవే, నీకు ఆలస్యమవుతోంది."

పిల్ల మెట్లు దిగి వెళ్ళిపోయింది. బురుల్ గౌనుకి మెడ అతికించడం మొదలుపెట్టింది. మెడ వంకర వచ్చింది. విప్పింది, మళ్ళీ కుట్టింది, మళ్ళీ వంకరే వచ్చింది. మనసు ఇక్కడ లేదు. మధ్యాహ్నం అతను వచ్చాక ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆలోచిస్తోంది. మోచేతి దగ్గర ఆపారు. మోచేయి తర్వాత మణికట్టు. మణికట్టు ఎముకలకి ఎనిమిది పేర్లున్నాయి, అన్నీ నోరు తిరగనివే. పొద్దున వంట చేస్తూ వాటిని రెండుసార్లు తనలో తను అనుకుని చూసుకుంది, నవ్వులపాలు కాకుండా.

అన్నం కింద మంట తగ్గించి వస్తుంటే గదిలోంచి ఎవరో పలికారు.

"పని పూర్తయింది."

బురుల్ గుమ్మంలోనే నిలబడిపోయింది. మగగొంతు. నిదానంగా, నిండుగా, పల్లెటూళ్ళలో పెద్దమనుషులు మాట్లాడినట్టు ఉంది. గులకరాళ్ళ డబ్బా కాదు, బోర్సోక్ చిటపట కాదు. మన మాట, మన యాస. గదిలో కుర్చీ ఖాళీగా ఉంది.

దగ్గరికి వెళ్ళింది. వేలు చాచి ఎంటర్ నొక్కింది. ఎందుకు నొక్కిందో ఆమెకే తెలియదు.

"భుజం," అన్నాడు ఆ పెట్టెలో మనిషి. "భుజం ఎముక పైభాగాన ఉండే, మూడు మూలలు గల కండరం పేరు డెల్టాయిడ్. దాని కింద ఉన్నది సుప్రాస్పినాటస్. చెయ్యి పైకెత్తేటప్పుడు మొదట కదిలేది ఇదే."

ఒక్కచోట కూడా తడబడలేదు. ఊపిరి తీసుకోలేదు. నిన్న ఆమె ముక్క ముక్కలుగా విరగ్గొట్టి, వెనక్కీ ముందుకీ పోయి, కూతుర్ని పిలిచి చదివిన భాగం అది. చదివేసి మోచేతి దగ్గర ఆగకుండా మణికట్టుకి పోయాడు. ఎనిమిది పేర్లూ మంచినీళ్ళు తాగినట్టు చెప్పేశాడు.

బురుల్ చెయ్యి, ఎవరో పట్టుకుని నడిపించినట్టు, స్పీకరు గుండ్రటి మీట మీదికి వెళ్ళింది. ఎడమకి తిప్పింది. గొంతు తగ్గింది. ఇంకా తిప్పింది. టిక్కుమంది. నిశ్శబ్దం.

తెర మీద అక్షరాలు ఒక్కొక్క వరసే వెలుగుతూ కిందికి పోతున్నాయి. అతను చదువుతూనే ఉన్నాడు, ఎవరికీ వినపడకుండా.

"ఒక్క రోజు," అంది బురుల్ పైకే. "రేపు చెప్తాను. ఇవాళ ఒక్క రోజుకి."

వెంటనే తనమీద తనకే అసహ్యం పుట్టింది. మీట మళ్ళీ కుడికి తిప్పుదామని చెయ్యి చాచింది. అప్పుడే ఫోను మోగింది.

"అమ్మా! మాట్లాడిందా?" ఐకనిష్ గొంతు వెనకాల పిల్లల గోల.

మాట్లాడింది అని చెప్పాలి. అది చెప్పడానికే నోరు తెరిచింది.

"లేదు."

అవతల గోల అలాగే ఉంది.

"అసలేమీ రాలేదా? ఒక్క చప్పుడు కూడా?"

"లేదన్నాను కదే."

"సరే." ఆ పిల్ల గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. "ఇక నావల్ల కాదమ్మా. సాయంత్రం వచ్చి మొత్తం తుడిచేసి పాత విండోసే పెట్టేస్తాను. రక్షణ లేకపోతే పోయింది. నాన్న గొంతు నాన్నకి వస్తే చాలు. నాన్నతో నువ్వు చెప్పు, నాదే తప్పని."

"ఐకనిష్, ఆగు..."

ఫోను కట్ అయింది.

తుడిచేస్తే ఈ మగమనిషి పోతాడు. ఆవిడ తిరిగొస్తుంది. పిల్ల తన చేతకానితనమే అనుకుని కుమిలిపోతుంది. తుడవకుండా ఆపాలంటే అబద్ధమాడానని ఒప్పుకోవాలి. ఎందుకాడావమ్మా అంటే ఏం చెప్పాలి? మీ నాన్న నా భుజం పట్టుకున్నాడు కాబట్టి అని కూతురికి చెప్పాలా? బురుల్ మీటకి చెయ్యి ఆనించి అలాగే నిలబడింది. ఇంకొక్కసారి విందాం, తను అనుకున్నంత బాగా చదవడేమో, ఎక్కడో తడబడతాడేమో అనిపించింది. తిప్పింది.

"నొప్పి ఎక్కడుందో రోగి చెప్పకముందే చేతికి తెలియాలి," అన్నాడు ఆ మనిషి గదంతా వినిపించేలా.

అదే క్షణాన వీధి తలుపులో తాళంచెవి తిరిగింది.

బురుల్ మీట మళ్ళీ తిప్పేసింది. టిక్కు. గదిలోంచి ఒక్క అంగలో బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. సగిన్‌బెక్ గుమ్మం లోపల చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. రావాల్సిన వేళకన్నా చాలా ముందే వచ్చాడు. ఇంట్లోకి రాగానే బూట్లు విప్పే మనిషి ఇవాళ విప్పలేదు.

"ఎవరు లోపల?"

"ఎవరూ లేరే. తొందరగా వచ్చారేం?"

"ఇద్దరు రోగులు రాలేదు. ఎవరు లోపల?"

"చెప్పాను కదా, ఎవరూ..."

"మగగొంతు వినిపించింది, బురుల్. మెట్ల మీదినుంచే. నొప్పి సంగతేదో అంటున్నాడు. తలుపు తియ్యగానే నోరు మూశాడు."

అతని మొహంలో కోపం లేదు. తల ఒక పక్కకి వంచి, ఇంట్లో ఉన్న ఊపిరులు లెక్కపెడుతున్నట్టు నిలబడి ఉన్నాడు. అది పెట్టె గొంతని పోల్చుకునే అడుగుతున్నాడా? లేక నిజంగానే మనిషి అనుకుంటున్నాడా? ఇన్నేళ్ళు కాపరం చేసిన మొహం అది. అయినా బురుల్‌కి అందులో ఏమీ తెలియలేదు.

పెట్టె మాట్లాడింది అంటే చాలు. అంతా తేలిపోతుంది. కానీ ఆ వెంటనే, మరి నోరెందుకు మూయించావ్ అంటాడు.

"తాష్తాన్," అంది. "పై అంతస్తు తాష్తాన్. ఉప్పు కోసం వచ్చాడు."

అన్నాక గానీ ఆమెకి తెలియలేదు తనేం అందో. ఆ మెట్ల వరసలో ఎవరింట్లో ఏ గిన్నె తప్పిపోయినా తాష్తాన్ ఇంట్లోనే దొరుకుతుంది. పెళ్ళాం పుట్టింటికి పోయినప్పటినుంచీ రోజుకో ఇంటికి ఏదో ఒకటి అడగడానికి వస్తాడు. అందుకే అతని పేరు నోటికొచ్చింది.

"తాష్తానా?" అన్నాడు సగిన్‌బెక్.

"ఆఁ. ఇప్పుడే పోయాడు. మెట్ల మీద మీకు ఎదురుపడలేదూ?"

సగిన్‌బెక్ మొహం మెట్ల వైపు తిప్పాడు. మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. అడుగు అడుగుకీ ఆయాసం. పిండి మూట భుజానికెత్తుకుని, చెవుల దాకా తెల్లటి దుమ్ముతో ఒక లావుపాటి మనిషి గుమ్మంలో తేలాడు.

"దారి వదినా, దారి! ఎక్కడ దించమంటావ్?" అన్నాడు తాష్తాన్. "బజారు దగ్గర బస్సెక్కుతుంటే సగిన్‌బెక్ అన్న దొరికాడు. మా బురుల్‌కి పిండి అయిపోయింది, మొయ్యరా అన్నాడు. అక్కడినుంచీ మోస్తున్నాను. టీ ఇవ్వకుండా పంపావో, చూస్కో మరి."

ఎవరూ కదల్లేదు. తాష్తాన్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. మూట భుజం మీదే ఉంది.

"ఏమైంది? నేనేమైనా అనకూడనిది అన్నానా?"

"నువ్వేం అనలేదు తమ్ముడూ," అన్నాడు సగిన్‌బెక్ గొంతు పెంచకుండా. "అది అక్కడే దించి నువ్వు పైకి వెళ్ళు. మా ఇంట్లో ఎవరో ఉన్నట్టున్నారు."

మూట దిగిన చప్పుడైంది. తాష్తాన్ అడుగులు రెండు మెట్లెక్కి అక్కడే ఆగిపోయాయి.

సగిన్‌బెక్ చేతికర్రని గోడకి ఆనించాడు. బూట్లతోనే తివాచీ మీద అడుగుపెట్టి, గోడ మీద వేళ్ళు రాసుకుంటూ, మూసిన గది తలుపు దాకా వచ్చాడు. గొళ్ళెం కోసం చెయ్యి చాచాడు. గొళ్ళెం మీద అప్పటికే బురుల్ చెయ్యి ఉంది.

"తప్పుకో," అన్నాడు.

ఆమె తప్పుకోలేదు.